సముద్రగర్భంలో రైలు: పరీక్షలు – పాఠాలు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఈ నెల మొదట్లో ఫోన్ చేసి, "ఏటా డి.ఏ. గురించీ మెడికల్ కార్డుల గురించే మాట్లాడుకుంటున్నాం. ఈసారి మీరు విదేశీ రైళ్ళ గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. పెన్షనర్ల సభలో డి.ఏ. బకాయిల తరువాత మాట్లాడడమంటే పెళ్ళిభోజనం అయిన తరువాత హరికథ చెప్పడం లాంటిది. అయినా రైలు మాట వస్తే మనలో ఎవరికీ నిద్ర రాదన్న ధైర్యంతో ఒప్పుకున్నాను.

2022లో మన వందే భారత్ రైలుకు కోటా–నాగ్డా సెక్షన్‌లో 180 కిలోమీటర్ల వేగంతో ట్రయల్ నడిపారు. ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు. నిండుగా నీళ్ళున్న గ్లాసు పెట్టారు. చుక్క తొణకలేదు. మా మనవడు అది చూపించి, "తాతయ్యా, రైలును టెస్టు చేయడమంటే ఇదేనా?" అని అడిగాడు. "అది కంటికి కనిపించే టెస్టురా. కనిపించనివి ఇంకా చాలా ఉంటాయి" అన్నాను. వాడు ఊరుకోలేదు. "అవేంటో చెప్పు" అన్నాడు. ఈ రోజు మీకు చెప్పబోయేది వాడికి చెప్పిన జవాబే. కాకపోతే మీరు రైల్వేవాళ్ళు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

2016లో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు మమ్మల్ని యూరోస్టార్ రైల్లో పారిస్ తీసుకువెళ్ళింది. సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో రైలెక్కక ముందే ఫ్రాన్సు వాళ్ళు అక్కడికక్కడే పాస్‌పోర్టులు చూసేస్తారు. రైలు బయలుదేరిన కొంతసేపటికి సొరంగంలోకి దిగింది. మా ఆవిడ కిటికీకి ముఖం ఆనించి, "సముద్రం ఏదండీ?" అంది. "మన నెత్తిమీద ఉంది" అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. 20 నిమిషాల తరువాత వెలుతురు వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ భయంలో అర్థం ఉంది. ఆ భయానికి ముందే జవాబు చెప్పి పెట్టడమే టెస్టు చేసేవాళ్ళ పని.

ఆ సొరంగం పొడవు సుమారు 50 కిలోమీటర్లు. అందులో 38 కిలోమీటర్లు సముద్రం అడుగున ఉంది. రైళ్ళకు రెండు సొరంగాలు, వాటి మధ్య మనుషులు తప్పించుకోవడానికీ మరమ్మతులకూ మూడో సొరంగం. ప్రతి 375 మీటర్లకూ ఒక అడ్డదారి. మధ్య సొరంగంలో గాలి ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉంచుతారు. తలుపు తీసినప్పుడు పొగ అందులోకి రాకుండా ఆ గాలే బయటికి తోస్తుంది. సొరంగంలో యూరోస్టార్ వేగం గంటకు 160 కిలోమీటర్లు, పైన ఫ్రాన్సు కొత్త లైను మీద 300.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మన బ్రాడ్‌గేజి ఒకటే. కరెంటు 25 వేల వోల్టులు. జనరల్ రూల్స్ పుస్తకం ఒకటే. సికింద్రాబాదు నుంచి ఢిల్లీ పోయే బండికి నాగపూర్‌లో ఇంజను డ్రైవరు మారవచ్చు గాని ఎర్ర సిగ్నల్‌కు అర్థం మారదు. యూరప్‌లో అలా కాదు. ఏ దేశం రైల్వే దానిది. నూరేళ్ళకు పైగా ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు కట్టుకున్నారు. ఒకే రైలు మూడు దేశాల్లో నడవాలంటే, ముగ్గురు అత్తగార్ల దగ్గర కాపురం చేసిన కోడలిలా ఉంటుంది దాని పరిస్థితి.

1994లో సర్వీసు మొదలైనప్పుడు ఫ్రాన్సు కొత్త లైను మీదా సొరంగంలోనూ పైతీగ కరెంటు 25 వేల వోల్టుల ఏ.సి. బెల్జియంలో పైతీగే గాని 3 వేల వోల్టుల డి.సి. ఇంగ్లండులో సొరంగం నుంచి లండన్ వాటర్లూ స్టేషన్ దాకా పైతీగే లేదు. పట్టాల పక్కన నేల మీద వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టుల డి.సి. తీసుకోవాలి. అందుకని బండి నెత్తిన పాంటోగ్రాఫ్‌లూ, కింద మడుచుకునే బూట్లూ రెండూ పెట్టారు. ఒకటి ఎత్తాల్సిన చోట రెండోది దించితే ఏమవుతుందో ట్రాక్షన్‌లో పనిచేసిన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. పాత ఇంగ్లీషు లైన్ల మీద వంతెనలూ ప్లాట్‌ఫారాలూ ఇరుకు. అందువల్ల పెట్టెల వెడల్పు తగ్గించారు. మూడు దేశాల్లో ప్లాట్‌ఫారాల ఎత్తు మూడు రకాలు. తలుపుల దగ్గర ముడుచుకునే మెట్లు పెట్టారు. ఇంగ్లండులో వేగం మైళ్ళలో చెబుతారు, ఫ్రాన్సులో కిలోమీటర్లలో. డ్రైవర్లు రెండు భాషలూ నేర్చుకోవాలి. ఒక్కో దేశపు సిగ్నల్ వ్యవస్థకు తగిన పరికరాలు క్యాబ్‌లో విడివిడిగా పెట్టారు.

వీటన్నిటికన్నా నా మనసుకు దగ్గరైన సంగతి ఒకటుంది. నేను సిగ్నల్ శాఖలో 34 సంవత్సరాలు చేశాను. కుటుంబ సభ్యుల కోసం ట్రాక్ సర్క్యూట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. పట్టాల ముక్కకు ఒక చివర స్వల్పమైన కరెంటు ఇస్తాం. రెండో చివర రిలే ఉంటుంది. లైను ఖాళీగా ఉంటే కరెంటు రిలేకు అందుతుంది, సిగ్నల్ ఇవ్వవచ్చు. బండి వస్తే చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందక అది పడిపోతుంది, సిగ్నల్ ఎర్రగా ఉంటుంది. తీగ తెగినా, పట్టా విరిగినా, కరెంటు పోయినా రిలే పడిపోవడమే. తప్పు జరిగితే బండి ఆగాలి గాని పోకూడదు. మన శాఖకు ఇదే గాయత్రి.

యూరోస్టార్ మోటార్లు త్రీఫేజ్ మోటార్లు. ఎలక్ట్రానిక్ పరికరాలు కరెంటును తునకలు తునకలుగా కోసి వాటికి అందిస్తాయి. ఆ కోతలో నానా ఫ్రీక్వెన్సీల చిల్లర కరెంటు పుట్టి పట్టాల్లోకి దిగుతుంది. ట్రాక్ సర్క్యూట్ కరెంటు పారేదీ ఆ పట్టాల్లోనే. ఈ చిల్లర కరెంటు ఫ్రీక్వెన్సీ, సర్క్యూట్ ఫ్రీక్వెన్సీ ఒకటైతే పడిపోవలసిన రిలే లేచి కూర్చోవచ్చు. లైను మీద బండి ఉండగానే లైను ఖాళీ అని చెప్పవచ్చు. మనం రాంగ్ సైడ్ ఫెయిల్యూర్ అనేది దీన్నే. ఆ మాట వింటే రిటైరైన ఇన్నేళ్ళకు కూడా నాకు వెన్నులో చలి పుడుతుంది. అందుకే ఆ రైలులో చిల్లర కరెంటును కనిపెట్టి చూసే పరికరం అమర్చారు. హద్దు దాటితే అది మోటార్లకు కరెంటు కట్ చేస్తుంది. 300 వేగంతో పోగలదని చూపించడం ఒక ఎత్తు, పాత లైను మీద ఏ రిలేనూ మోసం చేయదని నిరూపించడం ఇంకో ఎత్తు. మొదటిదాని ఫొటోలు పేపర్లో పడతాయి, రెండోదానికి ఫైళ్ళు పెరుగుతాయి.

సొరంగంలో నిప్పు పుడితే ఏం చేయాలన్నది మరో పెద్ద అధ్యాయం. బండి ఆగకుండా వీలైనంత వరకు సొరంగం దాటి బయటపడాలి. పెట్టెల మధ్య నిప్పును అరగంట ఆపగల తలుపులుండాలి. రెండు చివరలా పవర్ కార్లుంటాయి, ఒకటి పాడైతే రెండోది లాగాలి. అవసరమైతే 18 పెట్టెల బండిని మధ్యకు విడదీసి, జనాన్ని మంచి సగంలోకి మార్చి దాన్ని బయటికి నడిపించే ఏర్పాటు చేశారు. రైలు పొడవు 394 మీటర్లు. అడ్డదారులు 375 మీటర్లకొకటి. అంటే బండి ఎక్కడ ఆగినా ఏదో ఒక అడ్డదారి దాని పక్కనే పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసింది ఎవరోగాని, దండం పెట్టాలి.

ఇక తేదీల సంగతి. ఈ తేదీలు జ్ఞాపకం ఉంచుకోండి, నా ప్రసంగమంతా వీటిలోనే ఉంది. సొరంగం మొదట 1993 మే నెలలో తెరవాలనుకున్నారు. కుదరలేదు. 1993 జూన్‌లో మొదటి టెస్టు రైలు సొరంగం గుండా ఇంగ్లండు చేరింది. 1994 మే 6న ఎలిజబెత్ రాణి గారు, ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తరాఁ గారు వచ్చి ప్రారంభోత్సవం చేశారు. ఆవిడ వచ్చిన రైలు, ఆయన వచ్చిన రైలు ఎదురెదురుగా ముక్కూముక్కూ ఆనించినట్టు నిలబెట్టారు. లోకమంతా ఫొటోలు చూసింది. కాని టికెట్ కొనుక్కున్న మామూలు ప్రయాణికుడు ఎక్కింది ఎప్పుడు? 1994 నవంబరు 14న. ప్రారంభోత్సవం తరువాత ఆరు నెలలకు పైగా ఆగారు. మొదలుపెట్టినప్పుడు కూడా పారిస్‌కు రెండు, బ్రస్సెల్స్‌కు రెండు చొప్పున రోజుకు కొద్ది బళ్ళే నడిపారు. పేపర్ల వాళ్ళు వెక్కిరించారు. అప్పులిచ్చిన బ్యాంకులు వడ్డీ లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాయి. అయినా రిబ్బను కత్తిరించిన రోజే టికెట్లు అమ్మలేదు.

దీన్నిబట్టి అక్కడివాళ్ళు తప్పులే చేయరని అనుకోవద్దు. 2009 డిసెంబరు 18 రాత్రి ఉత్తర ఫ్రాన్సులో మంచు కురిసింది. పొడిలాంటి సన్నని మంచు. అది పవర్ కార్ల గాలి రంధ్రాల్లోంచి లోపలికి దూరింది. బయట గడ్డకట్టే చలి, సొరంగం లోపల వెచ్చదనం. మంచు కరిగి నీరై ఎలక్ట్రికల్ పరికరాల మీద చేరింది. ఒకదాని వెంట ఒకటి ఐదు రైళ్ళు సొరంగంలో ఆగిపోయాయి. 2,000 మందికి పైగా ప్రయాణికులు. దీపాలు పోయాయి, ఏ.సి. పోయింది, ఉక్కపోత, పసిపిల్లల ఏడుపులు. ఏం జరిగిందో చెప్పే మనిషి లేడు. కొందరిని కార్లు మోసే షటిల్ రైళ్ళలోకి మార్చి బయటికి తెచ్చారు. కొన్ని రైళ్ళను డీజిల్ ఇంజన్లతో తీశారు. ప్రాణనష్టం లేదు గాని మూడు రోజులు సర్వీసు మూతపడింది. 15 సంవత్సరాలుగా బాగా నడుస్తున్న బండ్లు అవి. 2010 ఫిబ్రవరిలో విచారణ నివేదిక రెండు లోపాలు ఎత్తి చూపింది. చలికాలానికి బండ్లను చాలినంతగా సిద్ధం చేయలేదు. చిక్కుకున్న జనంతో ఎలా మాట్లాడాలో, ఎలా చూసుకోవాలో సరైన ఏర్పాటు లేదు. మొదటిది యంత్రం టెస్టు. రెండోది మనుషుల టెస్టు. రెండోదాన్ని మనం ఎప్పుడూ మరచిపోతాం.

ఇంతకన్నా బాధాకరమైన కథ ఇంకొకటి ఉంది. హాలెండ్, బెల్జియం దేశాలు ఆమ్‌స్టర్‌డాం – బ్రస్సెల్స్ మధ్య 250 కిలోమీటర్ల వేగంతో నడిచే కొత్త రైళ్ళు కావాలని 2004లో ఇటలీ కంపెనీకి ఆర్డరిచ్చాయి. పేరు ఫీరా. రైళ్ళు రావడం సంవత్సరాల తరబడి ఆలస్యమైంది. చివరికి 2012 డిసెంబరు 9న ప్రవేశపెట్టారు. అంతవరకు నడుస్తున్న పాత రైలును రద్దు చేశారు. జనవరిలో మంచు పడింది. బండ్లు దెబ్బతిన్నాయి. బండి అడుగున ఉండే రేకు ఒకటి ఊడి లైను మీద దొరికింది. సుమారు 40 రోజులకే బెల్జియం భద్రతాధికారులు ఆ రైళ్ళను నిషేధించారు. ఆ తరువాత అవి మళ్ళీ ఆ లైను ఎక్కలేదు. కొత్త రైలు లేదు, పాత రైలు ముందే పోయింది. రోజూ ఆఫీసులకు పోయేవాళ్ళు రెండు బళ్ళు మారి పోవలసి వచ్చింది. హాలెండ్ పార్లమెంటు విచారణ జరిపి 2015లో నివేదిక ఇచ్చింది. దానికి పెట్టిన పేరుకు అర్థం 'చలిలో ప్రయాణికుడు'. మంచుకూ సరిపోయింది, గాలికి వదిలేశారన్న మాటకూ సరిపోయింది.

ఇక్కడ ఒక్క మాట గమనించాలి. ఆ రైళ్ళు బొత్తిగా పనికిరానివేం కావు. వాటిని ఇటలీ రైల్వే తీసుకుని, బాగుచేసి, 2019 నుంచి తమ దేశంలో నడుపుతున్నది. ఇంకో మాట. ఆలస్యమైనంత మాత్రాన టెస్టు జరిగినట్టు కాదు. యూరోస్టార్ ఆలస్యమైంది, ఫీరా ఇంకా ఎక్కువ ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో ఏం చేశారన్నదే తేడా. పది సంవత్సరాలు వాయిదా వేసి చివరి పది రోజుల్లో పరుగెత్తితే అది ఆలస్యమూ అవుతుంది, తొందరపాటూ అవుతుంది.

ఇదంతా చెప్పి నా సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. ఇన్నేళ్ళు ఇంట్లో కూడా చెప్పని మాట. ఒక స్టేషన్‌లో కొత్త ప్యానెల్ ఇంటర్‌లాకింగ్ ప్రారంభించాల్సి ఉంది. ఆ స్టేషన్ పేరు వద్దు, పై అధికారి పేరూ వద్దు. తేదీ ఖరారైంది. పెద్దలు వస్తున్నారు, షామియానా వేశారు. ముందు రోజు రాత్రి కేబుళ్ళు మెగ్గర్ చేస్తుంటే ఒక కేబులు ఇన్సులేషన్ తక్కువ చూపించింది. మార్చాలంటే ఇంకో రెండు రోజులు కావాలి. రిజిస్టరులో రిమార్కు రాయబోయాను. "ఇప్పుడది రాస్తే రేపటి ప్రోగ్రాం ఆగిపోతుంది. తరువాత చూసుకుందాం, సంతకం పెట్టేయ్" అన్నారు. అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది. ప్రమోషన్ కాగితాలు కదులుతున్నాయి. నేను సంతకం పెట్టాను.

పన్నెండు రోజులకు పెద్ద వాన పడింది. ఆ కేబులు పోయింది. ట్రాక్ సర్క్యూట్ పడిపోయింది, సిగ్నళ్ళు ఎర్రబడ్డాయి. ఒక పాసింజరు బండి ఔటర్ దగ్గర చీకట్లో వానలో గంటల తరబడి నిలబడిపోయింది. నేనూ, స్టేషన్ మాస్టరు గారూ, ఇద్దరు గ్యాంగ్‌మెన్లూ లాంతర్లు పట్టుకుని నీళ్ళ బిందెలు మోసుకుంటూ వెళ్ళాం. ఒక పెట్టెలో ఒక ముసలాయనకు ఆయాసం. వాళ్ళ అబ్బాయి నన్ను పట్టుకుని, "ఎందుకు ఆగింది సార్?" అని అడిగాడు. "సిగ్నల్ ఫెయిలైంది బాబూ" అన్నాను. ఫెయిలైంది నేనే అన్న మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ముసలాయన బతికాడు. తప్పు జరిగినా బండి ఆగిపోయేలా ఆ సర్క్యూట్ కట్టిన మహానుభావులు నన్ను ఆ రోజు హంతకుణ్ణి కాకుండా కాపాడారు. అది వాళ్ళ గొప్పతనం, నాది కాదు. ఆ సంతకం మాత్రం నాదే.

అందుకే యూరోస్టార్ 2009 నివేదిక సంగతులు చదివినప్పుడు, సొరంగంలో నిలిచిపోయిన ఆ రైళ్ళు నాకు వానలో మా ఔటర్ దగ్గర నిలబడిన ఆ పాసింజరు బండిలాగే కనిపించాయి. టెస్టు దగ్గర మనం మిగుల్చుకున్న రెండు రోజులను ఎప్పుడో ఒకరోజు ప్రయాణికుడి చేత కట్టిస్తాం, వడ్డీతో సహా.

ఆ తరువాతి కథ కూడా క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 2003 జూలైలో ఇంగ్లండు కొత్త హైస్పీడు లైను మీద టెస్టు పరుగులో యూరోస్టార్ 334.7 కిలోమీటర్ల వేగం అందుకుంది. రోజూ నడవాల్సింది 300. టెస్టులో పదోవంతు ఎక్కువ నడిపి చూడడం హైస్పీడు లైన్ల పద్ధతి. 2007 నవంబరు 14న సర్వీసు సెయింట్ పాంక్రాస్‌కు మారింది, మూడో పట్టాతో పని తీరింది, పారిస్ ప్రయాణం రెండుంబావు గంటలకు తగ్గింది. 2010లో జర్మనీ వాళ్ళు తమ ఐసీఈ రైలును సొరంగంలోకి తెచ్చి, జనాన్ని దించి ఖాళీ చేయించే టెస్టులు జరిపి లండన్‌లో చూపించారు. ఆ సర్వీసు మాత్రం నేటికీ మొదలుకాలేదు. అదే సంవత్సరం యూరోస్టార్ కొత్త రైళ్ళకు ఆర్డరిచ్చింది. పవర్ కార్లు లేకుండా పెట్టెల కిందే మోటార్లుండే 320 కిలోమీటర్ల వేగం రైళ్ళు. వాటికోసం సొరంగం నిబంధనలనే మళ్ళీ పరిశీలించాల్సి వచ్చింది. 2014లో జనానికి చూపించి, 2015 నవంబరులో సర్వీసులో పెట్టారు. ఆర్డరు నుంచి ఐదేళ్ళు. 2018 ఏప్రిల్‌లో రైళ్ళు ఆమ్‌స్టర్‌డాం దాకా వెళ్ళాయి. రెండంతస్తుల రైళ్ళకు 2025లో ఆర్డరిచ్చారు. అవి 2031లో రావాలని ప్రణాళిక. ఆ తేదీ వస్తుందో రాదో చూడ్డానికి మనలో ఎంతమంది ఉంటామో గాని, ఆలస్యమైందని పేపర్లో పడితే మాత్రం తొందరపడి నవ్వకండి. ఆ ఆలస్యంలో ఏం చేశారని అడగండి.

మన పిల్లల్లో, మనవళ్ళలో చాలామంది నేడు సాఫ్ట్‌వేర్‌లో, మెట్రోలో, ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఉన్నారు. వాళ్ళు చేసేది కూడా టెస్టులూ సంతకాలే. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. రిమార్కు రాయవలసిన చోట రాయండి. ఆ రోజు కొంత నష్టం వస్తుంది. రాయకపోతే వచ్చేది మాత్రం రిటైరైన తరువాత కూడా రాత్రిళ్ళు వాన పడినప్పుడల్లా వస్తూనే ఉంటుంది. పెద్దలకు నా మనవి, ఇంట్లో పిల్లలు "మేం ఒప్పుకోలేదు, అందుకని మా ప్రమోషన్ ఆగింది" అని వచ్చి చెబితే కోప్పడకండి. భుజం తట్టండి.

ఆ రోజు పారిస్‌లో దిగిన తరువాత మా ఆవిడ, "ఇంతేనా సముద్రం దాటడమంటే, ఏమీ తెలియనే లేదు" అంది. ఏమీ తెలియకుండా దాటించడానికి ఎంతమంది ఎన్ని రాత్రులు మేలుకున్నారో అప్పుడు ఆవిడకు చెప్పలేదు. ఈ రోజు ముందు వరుసలో కూర్చుంది కనుక చెప్పినట్టే అయింది, దానితోపాటు ఆ సంతకం సంగతి కూడా.